కొత్త కంప్యూటరూ, కలిసిన లెక్కా

విండోస్ 10 కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. నా పాత డెస్క్‌టాపు విండోస్ 11 కి పనికిరాదు. కొత్త లాప్‌టాప్ కొన్నాను.

దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. ఇక్కడ సూరత్‌లో వ్యాపారులు ఆరోజు చోప్డా పూజ చేస్తారు, అంటే జమాఖర్చు పుస్తకాలకు పూజ. ఖాతాలన్నీ కంప్యూటర్లోకి పోయాయి కాబట్టి ఇప్పుడు కుంకుమ లాప్‌టాప్ మూతకి కూడా పడుతోంది! "కాకా, లాభ్ పాంచమ్ దాకా ఆగండి, ఆరోజు మొదలుపెడితే ఏదీ పోదు" అన్నాడు షాపతను. కీబోర్డులో కుంకుమ పడితే వారంటీ ఉంటుందా అని అడిగి, ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాను.

విండోస్ 7 లో ఫైళ్ళూ సెట్టింగులూ కలిపి మార్చే 'ఈజీ ట్రాన్స్‌ఫర్' ఉండేది. విండోస్ 10 వచ్చేసరికి తీసేశారు. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా దొరికేది 5 జీబీ, నా సరుకు 60 పైనే. అందుకని డాక్యుమెంట్లూ ఫొటోలూ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి నేనే ఎక్కించి, నేనే దించాను. రెండువైపులా ఫైళ్ళ సంఖ్య, బైట్లు సరిచూశాను. అంకెతో సహా కలిశాయి. ముప్పైయేళ్ళు రక్షణ శాఖ పద్దులు చూసినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? పాత పెట్టెని ఫార్మాట్ చేసి భంగారు వాడికి ఇచ్చెయ్యమని అల్లుడితో చెప్పేశాను.

రాత్రి ఊరికే, ఆడిట్ అలవాటుకొద్దీ, నాలుగు ఫైళ్ళు తెరిచాను. నాలుగోది 2004 లో మా నాయన చెప్తుంటే నేను టైపు చేసింది, 43 పేజీలు. లింబాయత్‌లో మరమగ్గాల మీద గడిచిన ఆయన బతుకు. ఆయన ఇప్పుడు లేడు. తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొమ్ములు.

అను, శ్రీలిపి లాంటి డీటీపీ ఫాంట్ల పద్ధతి అది. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెడతారు; ఫాంటు లేకపోతే ఆ స్థానాలే మిగులుతాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది, నాకు తెలిసింది చాలా ఆలస్యంగా. ఇదివరకు కంప్యూటర్ మార్చినప్పుడల్లా షాపు కుర్రాడు డిస్కు మొత్తం దించేవాడు, ఫాంటు కూడా దాంతోపాటే వచ్చేది. ఈసారి నేను ఫాంట్స్ ఫోల్డర్ని ఎక్కించనూ లేదు, లెక్కించనూ లేదు. పూర్తిగా వదిలేసిన పద్దుని ట్రయల్ బ్యాలన్స్ పట్టుకోలేదని బీకాంలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే.

అంత రాత్రప్పుడు అల్లుడికి మళ్ళీ ఫోన్ చేశాను. పెట్టె ఇంకా అతని స్కూటర్ మీదే ఉంది.

పొద్దున్నే ఫాంటు తెచ్చి వేస్తే నాయన మాట మళ్ళీ కనబడింది: "దసరాకి మగ్గానికి బొట్టు పెట్టినం. పగటీలికే పోగు తెగింది. అతికింది నా ఏళ్ళు." కన్వర్టర్ ఒత్తుల్ని తారుమారు చేస్తోంది, అందుకని యూనికోడ్‌లో చేత్తోనే తిరిగి కొడుతున్నాను. పదకొండో పేజీలో ఉన్నాను.

షాపతనికి సంగతి చెప్తే "చూశారా కాకా, నేను ముందే అన్నాను" అన్నాడు. లాభ్ పాంచమ్ నాడు మొదలుపెట్టిన వాళ్ళలో ఎంతమందికి ఫాంట్లు పోయాయో కూడా లెక్క తియ్యమన్నాను. నవ్వి, చాయ్ తెప్పించాడు.