నీళ్ల బండి, గేర్‌బాక్స్, ఒక టన్ను బరువు



పోయిన వారం మన దాంట్లో డిప్లొమా చదివే ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, ఆటోమేటిక్ బండిలో గేర్ మారింది కూడా తెల్వకుండా మెత్తగా పడితేనే మంచి గేర్‌బాక్స్ కదా?" ఒక్క ముక్కలో చెప్పాలంటే, కారుకైతే అవును, బరువు మోసే బండికైతే కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ఒక పికప్ సంగతి చెప్పాలి. ఓపిక ఉన్నోళ్లు చదవండి.

నేను చదివేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో. ఇక్కడి నుంచి ఉత్తరానికి పోతే నవాహో నేషన్ మొదలైతది. వాళ్లు తమను తాము దినే అని పిలుచుకుంటారు. మూడు రాష్ట్రాల్లో కలిపి 70 వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల, అంటే మన తెలంగాణలో సగానికన్నా ఎక్కువ. కొత్త మనిషి కలిస్తే ముందు తల్లి వంశం, తర్వాత తండ్రి వంశం చెప్పుకుంటారు. మన గోండుల్లో నాలుగు దేవుళ్లా, ఐదా, ఆరా, ఏడా అని అడిగినట్టే. నా క్లాస్‌మేట్ ఒకతను అక్కడివాడు. అట్ల దోస్తీ కుదిరింది.

ఆ నేల మీద దాదాపు 30 శాతం ఇళ్లకు కుళాయి లేదు. అమెరికాలో కుళాయి లేని ఊర్లా అని నేను కూడా నోరు తెరిచిన. 1868 ఒప్పందం ప్రకారం నీళ్లు చూపించే బాధ్యత ప్రభుత్వానిదే అని వాళ్లు కోర్టుకు పోతే, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో "అట్లాంటి బాధ్యత ఒప్పందంలో లేదు" అన్నది. కాబట్టి నీళ్లు పికప్ మీదనే రావాలి. నా దోస్తు వాళ్ల అమ్మమ్మ ఇంటికి వారానికి రెండు ట్రిప్పులు. గొర్రెలకూ అవే నీళ్లు.

బండి 2004 మోడల్ షెవ్రోలె సిల్వరాడో 1500. వెనక 250 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు. లెక్క వేసుకోండి: ఒక గ్యాలన్ అంటే 3.78 లీటర్లు, నిండుగా నింపితే 945 కిలోలు. ఈ తరగతి పికప్ మోయాల్సింది ఇంచుమించు 700, 800 కిలోలే. ముప్పావు నింపుదామని అంటే అమ్మమ్మ నవ్వింది. ముప్పావు అంటే వారానికి ఇంకో ట్రిప్పు, దానికి ఇంకింత పెట్రోలు. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు.

నింపుకునే చోటు కింద, ఇల్లు మెట్ట మీద. ఎక్కేటప్పుడు ఒకటి నుంచి రెండో గేరుకు మారడానికి బండి చాలా సేపు తీసుకుంటున్నది. ఇంజిన్ మోత పెరుగుతది, బండి కదలదు, తర్వాత నెమ్మదిగా గేర్ పడుతది. దగ్గరి టౌన్‌లో ఒక వర్క్‌షాపు వాళ్లు గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని, వేల డాలర్లు అవుతదని చెప్పిండ్రు. పాన్ విప్పి చూడనే లేదు. అమ్మమ్మ దగ్గర అంత పైసలు లేవు. బండి ఆగిన రోజు నీళ్లు కూడా ఆగుతయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ బండిలో ఉన్న గేర్‌బాక్స్ పేరు 4ఎల్60ఈ. నాలుగు గేర్లు, మొదటిది 3.06, చివరిది 0.70. 1993 నుంచి చాలా ఏళ్లు ఎన్నో పికప్పుల్లో వచ్చింది. మాన్యువల్ బండిలో గేరు మార్చేటప్పుడు మనం కాలితో క్లచ్ తొక్కుతం. ఇందులో ఆ పని ఆయిల్ ప్రెషర్ చేస్తది. రెండో గేర్ పడాలంటే ఒక పట్టీ, దాన్ని బ్యాండ్ అంటారు, తిరిగే డ్రమ్మును బిగించి ఆపాలి. ఆ పట్టీని నొక్కే పిస్టన్ పేరు సర్వో. గేర్ గుద్దినట్టు పడకుండా పక్కనే అక్యుమ్యులేటర్ అని ఇంకో పిస్టన్, స్ప్రింగు ఉంటయి. కొంత ఆయిల్‌ను అది మింగి, పట్టు నెమ్మదిగా పెరిగేలా చేస్తది. మెత్తదనం అంతా అక్కడిదే.

గుంజకు తాడు చుట్టి ఎద్దును ఆపినోళ్లకు ఇది వెంటనే అర్థమైతది. తాడు గట్టిగా పట్టితే ఎద్దు ఆగుతది, చేయికి ఏం కాదు. సగం పట్టి సగం జార్చితేనే అరచేయి కాలుతది. గేర్‌బాక్స్‌లో కూడా పట్టీ, క్లచ్ ప్లేట్లు జారే ఆ అర సెకను, ముప్పావు సెకనులోనే వేడి పుడుతది. ఖాళీ బండికి ఆ జారుడు సుఖం. టన్ను బరువుతో మెట్ట ఎక్కేటప్పుడు అదే జారుడు ప్లేట్లను కాలుస్తది. తయారుచేసినోళ్లది తప్పని నేను అనను. ఎక్కువ మంది ఈ బండ్లను ఆఫీసుకు, బజారుకు నడుపుతారు, వాళ్ల కోసం అట్ల పెట్టిండ్రు.

మేము మొదట చేసింది పైసా ఖర్చు లేనిది. గేర్ రాడ్ చివర టో-హాల్ అని బటన్ ఉంటది. దాన్ని నొక్కితే కంప్యూటర్ గేర్లను ఆలస్యంగా మారుస్తది, గట్టిగా వేస్తది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ దాన్ని నొక్కలేదు. రాడ్‌ను కూడా డ్రైవ్‌లో కాకుండా మూడులో పెట్టమన్న. నాలుగో గేరు కోసం మాటిమాటికి పైకీ కిందికీ వెతుక్కోవడం ఆగుతది. కెరమెరి ఘాట్‌లో మన జీపు డ్రైవర్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు, చేతికే తెలుసు.

రెండోది పాన్ విప్పడం. షిఫ్ట్ కిట్ కొనాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతది. అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పిండి ఉంటే మామూలే. మెరిసే లోహపు ముక్కలు గానీ, నల్లటి ప్లేటు పెచ్చులు గానీ, మాడిన వాసన గానీ ఉంటే కిట్ దండుగ. కాలిపోయిన క్లచ్‌కు ఏ కిట్టూ ప్రాణం పోయదు. మాకు పిండే కనిపించింది. ఆయిల్ రంగు ముదిరింది గానీ మాడలేదు. ఆ రోజు నా దోస్తు ముఖం చూడాలి మీరు!

మూడోది కూలర్. రేడియేటర్ లోపల గేర్‌బాక్స్ ఆయిల్‌కు ఒక చిన్న కూలర్ ముందే ఉంటది. దాని తర్వాత, రేడియేటర్ ముందు గాలి తగిలే చోట ఇంకోటి బిగించినం. నన్ను అడిగితే, పైసలు ఒక్కదానికే ఉంటే దీనికే పెట్టాలి. ఆయిల్ 80 డిగ్రీల దగ్గర చాలా కాలం బతుకుతది, ఆపైన పెరిగే ప్రతి 11 డిగ్రీలకు ఆయుష్షు సగమైతదని ఇక్కడి మెకానిక్‌ల లెక్క. ఫోనుకు కలిపే చిన్న స్కానర్‌తో చూస్తే అంతకుముందు ఎక్కుడులో 112 డిగ్రీలు చూపించింది.

తర్వాతే సర్వో, కిట్. ఈ గేర్‌బాక్స్‌కు కొర్వెట్ కారులో వాడిన సర్వో పిస్టన్ సరిపోతది. దాని వైశాల్యం ఎక్కువ. అదే ప్రెషర్ పెద్ద పిస్టన్ మీద పడితే పట్టీ మీద బలం పెరుగుతది, అంతే కిటుకు. ఖరీదు కొన్ని పదుల డాలర్లు. బండి కుడివైపు కింద మూత తీసి మార్చొచ్చు, గేర్‌బాక్స్ దింపనక్కర్లేదు. కాకపోతే సైలెన్సర్ పైపు అడ్డం వస్తది, మోచేతులు గీసుకుపోతయి.

షిఫ్ట్ కిట్ అంటే గట్టి స్ప్రింగులు, మెయిన్ ప్రెషర్ పెంచే కొత్త వాల్వు, ఆయిల్ దారులున్న ఇనుప రేకులో రంధ్రాలు పెద్దవి చేయడానికి ఒక డ్రిల్ బిట్. వాల్వ్ బాడీ దింపుతుంటే చిన్న గోళీలు రాలుతయి, ఏది ఎక్కడిదో ముందే ఫోటో తీసుకోవాలి. బోల్టులు బిగించేది 11 న్యూటన్ మీటర్లే. అల్యూమినియం కాబట్టి బలం చూపిస్తే మరలు పోతయి. రంధ్రం విషయంలో మేమిద్దరం గంటసేపు వాదులాడుకున్నం. కిట్ కాగితంలో రెండు కొలతలు ఉన్నయి, మామూలు బరువుకు ఒకటి, రేసుకు ఒకటి. నా దోస్తు పెద్దదే అన్నడు. నేను చిన్నదే అన్న. చిన్న రంధ్రాన్ని రేపు పెద్దది చేయొచ్చు గానీ పెద్దదాన్ని చిన్నది చేయలేం. పైగా దెబ్బ మరీ గట్టిగా పడితే లోపల సన్ షెల్ అనే భాగం విరుగుతది. అది పోతే రెండో గేరు, నాలుగో గేరు, రివర్సు మూడూ పోతయి. వీడియోల్లో టైర్లు కీచుమనేలా గేర్ వేసి చూపించేటోళ్లు ఈ సంగతి చెప్పరు.

చివరికి చిన్న రంధ్రమే వేసినం. రెండు శని ఆదివారాలు పట్టింది. అన్ని రోజులు నీళ్లు పక్కింటి వాళ్ల బండిలో వచ్చినయి.

నిండు ట్యాంకుతో అదే మెట్ట ఎక్కితే రెండో గేరు టక్కున పడింది. వేడి 90 దాటలేదు. ముందు సీట్లో కూర్చున్న అమ్మమ్మ వాళ్ల భాషలో ఏదో అంది. నా దోస్తు నవ్వుతూ చెప్పిండు: "బండికి ఎవరి మీద కోపమొచ్చింది?" అని అడిగిందట. మెత్తగా పడేదే బాగుండేదని ఆమె ఇప్పటికీ అంటది.

ఎక్కే బాధ తీరింది, దిగే సంగతి మిగిలింది. గేర్‌బాక్స్ ఎంత గట్టిదైనా ఆ టన్నును ఆపేది బ్రేకులే, మోసేది టైర్లే. ఇప్పుడున్న టైర్లు ఆ బరువుకు చాలవు. వచ్చే నెల ముందు వాటిని చూస్తం, తర్వాత బ్రేకు ప్యాడ్లు. అప్పటిదాకా దిగేటప్పుడు రెండో గేరులోనే రమ్మని రాసి స్టీరింగ్ పక్కన ఒక కాగితం అంటించినం.