రేడియేటరు మార్చాలా, నీళ్ళు మార్చాలా?

పాత బండి రేడియేటరు కారుతోందంటే మనవాళ్ళిచ్చే సలహాలు రెండే. ఒకటి, కొత్తది వేయించెయ్. రెండు, బండే అమ్మెయ్. సాఫ్టువేరులో ఉన్నవాళ్ళకి ఈ ధోరణి కొత్త కాదు లెండి. పాత కోడు ఎక్కడో ఆగిందనగానే "మొత్తం మొదట్నించీ రాసేద్దాం" అనేవాడు ప్రతి టీములోనూ ఒకడుంటాడు. ఎందుకాగిందో చూడకుండా రాస్తే కొత్తదీ అక్కడే ఆగుతుంది. రేడియేటరు సంగతీ అంతే. మావైపు రేడియేటర్లని చంపుతున్నది వాటి వయసు కాదు, వాటిలో మనం పోసే నీళ్ళు అని నా గట్టి అభిప్రాయం.

మావైపు అంటే దాచేపల్లి. ఇదివరకు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. మా నాన్న దగ్గర మహీంద్రా ఎంఎం 540 జీపుంది. మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు కదా, ఆ వంశంలోదే. ప్యూజో డిజైను డీజిలింజను. ఏసీ లేదు, పవర్ స్టీరింగు లేదు, కూర్చున్నవాడి నడుముకి గ్యారంటీ అసలే లేదు. కానీ ఫోర్ వీలుంది. వానపడ్డ నల్లరేగడిలో మోటారుసైకిలు కూడా ఆగిపోయిన రోజున అది లో గేరులో నింపాదిగా చేలోకి పోయొస్తుంది. మిరప కోతలప్పుడు కూలీలని చేలో దించేదీ, కల్లానికి పట్టాలు మోసేదీ అదే. రాత్రిపూట మా అమ్మకి ఆయాసమొస్తే పిడుగురాళ్ళ తీసుకెళ్ళేదీ అదే.

అలాంటిది సరిగ్గా కోతల ముందు మరగడం మొదలుపెట్టింది. ఐదారు మైళ్ళు పోతే చాలు, ముల్లు ఎర్రగీతకి తగులుతోంది. ఇంకో వారం అలాగే నడిపితే హెడ్ గాస్కెట్ పోతుంది, ఆ తర్వాత హెడ్డే వంగిపోతుంది. అప్పుడిక రేడియేటరు గురించి కాదు, ఇంజను గురించి మాట్లాడుకోవాలి. ఒకాయన ఇనుప సామాను లెక్కన బేరం కూడా పెట్టి పోయాడు. మా నాన్న ఔననలేదు, కాదనలేదు. ఆయన మాట్లాడకపోవడమే నాకు ఎక్కువ బెంగగా అనిపించింది.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. మాది సున్నపురాయి నేల. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, పక్కన పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు ఊరికే రాలేదు. ఆ రాళ్ళ సందుల్లోంచి వచ్చే బోరునీళ్ళలో కాల్షియం బైకార్బనేటు కరిగి ఉంటుంది. కాగితే అది కార్బనేటుగా మారి గోడలకి పట్టేస్తుంది. నీళ్ళు కాచే గిన్నెలో తెల్లటి పెచ్చు చూస్తుంటాం చూశారా, అదే. ఇంజను కూడా నీళ్ళు కాచే గిన్నే కదా!

చిన్న లెక్క వేద్దాం. తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణం (ఐఎస్ 10500) లీటరుకి 200 మిల్లీగ్రాముల కాఠిన్యం మంచిదంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 వరకూ ఒప్పుకుంటుంది. ఆ 600 నీళ్ళే పోశామనుకోండి. కారకుండా ఉన్న రేడియేటర్లో ఒకసారి నింపి వదిలేస్తే ఆ నీళ్ళలో ఉన్న సున్నం ఒక్కసారి దిగుతుంది, అక్కడితో సరి. కానీ సన్నగా కారుతూ, రోజుకో లీటరు పోస్తుంటే? వంద రోజుల్లో 60 గ్రాముల సున్నం లోపలికి పంపినట్టు. అంతా పేరుకోకపోయినా, సన్నటి గొట్టాలకి అందులో సగం చాలు. పైగా రాగితో పోలిస్తే ఆ పెచ్చు వేడిని పంపేది వందల రెట్లు తక్కువ. అంటే చిన్న లీకు, రోజూ బోరునీళ్ళు, ఈ రెండూ కలిస్తేనే చావు. విడివిడిగా ఏదీ అంత ప్రమాదం కాదు.

దీనికి మా ఎండలు తోడు. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినే ఉంటారు, అది మా ప్రాంతమే. 90 డిగ్రీల నీళ్ళకీ 25 డిగ్రీల గాలికీ తేడా 65. అదే గాలి 45 ఉంటే తేడా 45. అంటే అదే రేడియేటరు దాదాపు మూడోవంతు తక్కువ వేడి వదుల్తుంది. చేలో లో గేరులో పోతున్నప్పుడు ఇంజను గట్టిగా తిరుగుతుంది, బండి మాత్రం నడక వేగంతో పోతుంది, ఎదురుగాలి ఉండదు. భారమంతా ఫ్యాను మీదే. ఇక పత్తి దూదీ దుమ్మూ రెక్కల మధ్య ఇరుక్కుంటే ఆ గాలీ పోదు.

హైవే పక్కన రేడియేటర్లు బాగుచేసే మేస్త్రీ ఒకాయనున్నాడు, మా నాన్న కంటే కొంచెం చిన్న. పాత జీపుల రేడియేటరు ఇత్తడి, రాగి. పైనా కిందా ఇత్తడి టాంకులు, మధ్యలో గొట్టాలు, వాటికి రాగి రెక్కలు, అన్నీ టంకంతో అతికించినవి. ఆయన గొట్టాల మూతులు బిగించి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. పైటాంకు అతుకు దగ్గర బుడగలొచ్చాయి. టాంకు కాచి ఊడదీస్తే లోపల గొట్టాల్లో చాలావాటికి తెల్లగా మూతలు పడి ఉన్నాయి. అక్కడక్కడా పసుపు ముద్దలు! లీకు ఆగుతుందని ఎవరో చెబితే నాన్న పోశారట. లారీల వాళ్ళ పాత చిట్కా అది. లీకుతో పాటు గొట్టాన్నీ మూస్తుంది.

"కొత్తది వేయిస్తే పోలా బాబాయ్?" అన్నాను.

"వేయించుకో అబ్బాయా, నాకేంది. నీళ్ళు మాత్రం ఆ బోరువే పోస్తారు గదా. రెండేళ్ళకి మళ్ళీ నా కాడికే తెస్తావు."

చదునుగా ఉన్న సన్నటి ఇనుప పట్టీ పెట్టి ఒక్కో గొట్టాన్నీ పొడిచి శుభ్రం చేశాడు. రెక్కల్లోంచి దూది లాగాడు. టాంకు మళ్ళీ టంకం పెట్టి అతికించి, ఇంకోసారి తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. కొత్తదాని ఖరీదులో చిన్న ముక్క అయింది.

అన్నీ బాగుచేయించాల్సిందేనని నేననడం లేదు. గొట్టాలు పల్చబడి ఒకచోట అతికిస్తే ఇంకోచోట కారుతుంటే, రెక్కలు వేలితో తాకగానే రాలిపోతుంటే, మధ్య కోరు మార్పించాల్సిందే. ఇత్తడి టాంకులు పాతవే వాడుకోవచ్చు. కొత్త బండ్ల అల్యూమినియం రేడియేటర్లూ చెడ్డవి కావు. రాగి సాంద్రత 8.96 అయితే అల్యూమినియంది 2.7, తేలికని ఊరికే రాలేదు. కాకపోతే వాటి ప్లాస్టిక్ టాంకు పగిలితే టంకం పెట్టేదేమీ ఉండదు, పారెయ్యడమే.

బాగుచేయించినా, కొత్తది వేసినా, తర్వాత చెయ్యాల్సింది ఒకటే. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం కలిపి నింపాలి. మూత రబ్బరు చూసుకోవాలి. మూత పట్టి ఉంచే ఒత్తిడి వల్లే నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవు. (వేడిగా ఉన్నప్పుడు మాత్రం దాని జోలికి పోకండి, మొహం కాల్తుంది.) ఫ్యాను చుట్టూ ఉండే రేకు తీసేసుంటే మళ్ళీ పెట్టించాలి. "మీ ఎండలకి ఎందుకులే" అని థర్మోస్టాట్ పీకేసే మెకానిక్కుల మాట వినకూడదు. ఇంజను చల్లగా నడిచినా అరుగుతుంది. నీళ్ళు తగ్గుతున్నాయంటే పొయ్యడం కాదు, ఎక్కడ పోతున్నాయో వెతకాలి.

నా బాధ ఇంకొకటుంది. మేస్త్రీ ఈ పని కొడుక్కి నేర్పలేదట. "ఆ సీసం పొగ వాడెందుకు పీల్చాలి" అన్నాడు. టంకంలో ఉండేది సీసమే, ఆయన మాటకి ఎదురు చెప్పలేం. రేపు ఆయన మానేస్తే, మంచి రేడియేటరున్న బండ్లు కూడా ఇనుప లెక్కకే పోతాయి. అందుకే ఉన్నవాటిని ఆయన దాకా పోకుండా కాపాడుకోవడం ముఖ్యం. జీపు ఈ ఏడు కోతలన్నీ తిరిగింది. బేరం పెట్టినాయన మళ్ళీ వస్తే, ఈసారి మా నాన్న "అమ్మేది లేదు" అని గట్టిగానే చెప్పి పంపారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బండి ఉంటే, రేడియేటరు కొనడానికి పరిగెత్తే ముందు దాన్లో పోసే నీళ్ళు ఓ గిన్నెడు ఇగిరిపోయేదాకా మరగబెట్టి అడుగున ఏం మిగిలిందో చూడండి. ఆ మిగిలిందే రోజూ బండి లోపలికి పోతోంది.