మన్యం గుమ్మంలో వసంతం

నర్సీపట్నం రోడ్ స్టేషన్లో దిగి నర్సీపట్నం ఎక్కడని అడిగితే అక్కడివాళ్లు నవ్వుతారు. స్టేషన్ నుంచి ఊరికి మళ్లీ ఓ బస్సు ప్రయాణం ఉంది. పేరు చివర ఉన్న 'రోడ్' అనే మాటని తేలిగ్గా తీసుకుని, సామాను పట్టుకుని ఎండలో నిలబడిపోయిన కొత్తవాళ్లని నా చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. మొన్న ఫాల్గుణంలో నేనూ అక్కడే దిగాను. తెలిసీ దిగాను లెండి. అక్కణ్నుంచి అడ్డరోడ్డు మీదుగా వెళ్తే దారి పొడవునా జీడిమామిడి తోటలు. పూత మీద ఉన్న జీడితోట వాసన బస్సు కిటికీలోంచి కొడుతుంటే ఇంకో అరగంట ఆలస్యమైనా బాధ ఉండదు.

విశాఖ వాళ్లని నర్సీపట్నం గురించి అడగండి. 'ఆ... లంబసింగి వెళ్లేటప్పుడు టీ తాగాం' అంటారు. డిసెంబరులో తెల్లవారుజామున మంచు చూడ్డానికి కార్లు వరసకట్టి ఈ ఊరి మీదుగానే పోతాయి. సంక్రాంతి దాటితే ఆ సందడి పోతుంది. కానీ ఊరు అందంగా ఉండేది ఆ తర్వాతే. నా మాట నమ్మి ఓసారి మార్చిలో రండి. పొద్దున్న ఆరింటికి ఇంకా చల్లగా ఉంటుంది. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి ఆవిరి, పక్కనే గోనెపట్టా మీద మామిడి పిందెలు, అప్పుడే తరిగిన పనసపొట్టు కుప్ప. పనసకాయని కత్తితో అంత సన్నగా, అంత వేగంగా కొట్టే చేతుల్ని చూస్తూ నిలబడితే బస్సు తప్పిపోతుంది. నాకు తప్పిపోయింది కూడా.

ఇది పట్నమూ కాదు, పల్లే కాదు. మన్యానికి గుమ్మం. కొండ మీంచి దిగేవాళ్లు చింతపండు, కుంకుళ్లు, కొండచీపుళ్లు దింపుతారు. తిరిగి వెళ్లేటప్పుడు ఉప్పు, బట్టలు, సెల్‌ఫోను రీచార్జిలు, ఇనుప సామాను పట్టుకెళ్తారు. ఇటు మైదానం అనకాపల్లి జిల్లా. అటు కొయ్యూరు, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు గీత ఇక్కడ పడింది గానీ, సంతకొచ్చేవాళ్లకి ఆ గీతతో పనిలేదు.

ఊరు దాటగానే కొండలు మొదలవుతాయి. ఆకు రాలిన అడవిలో మోదుగులు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. బూరుగు చెట్లకి ఆకే లేదు, పువ్వులే. ఇంకొంచెం పైకి, చింతపల్లి వైపు వెళ్తే తొలి జల్లులు పడ్డాక కాఫీతోటలు తెల్లగా పూస్తాయి. మల్లెతోటలోకి వచ్చామా అనిపిస్తుంది. అటు పోయే ఘాట్ రోడ్డుకో చరిత్ర ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి వేయించిన రోడ్డది. ఆ కడుపుమంట 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్ మీద దాడిగా పేలింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మిగతా కథ తెలుగువాళ్లందరికీ తెలిసిందే.

నేనెక్కిన బస్సు మాత్రం గొలుగొండ, కృష్ణదేవిపేటల మీదుగా కొయ్యూరు పోయేది. కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి, ఆయన అనుచరుడు గాం గంటందొర సమాధి ఉన్నాయి. బస్సులో నా పక్కనున్న ముసలమ్మ అక్కడికి రాగానే కూర్చున్నచోటే దణ్నం పెట్టింది. కొయ్యూరులో 1924 మే 7న ఆయన్ని చెట్టుకు కట్టి కాల్చారు. మే నెల అంటే ఈ అడవి ఎండి, గుట్టలు సెగలు కక్కే కాలం. పోరాడిన రెండేళ్లలో ఈ కొండల్లో ఆయన చూసిన వసంతాలు రెండే కదా అన్న ఆలోచన ఆ దారిలో ఎప్పుడు పోయినా వస్తుంది నాకు.

కొయ్యూరు వెళ్లింది మావయ్య కోసం. అమ్మకి ఆఖరి తమ్ముడు. ఒకప్పుడు నర్సీపట్నంలో వెల్డింగు షాపులో పనిచేసి, తర్వాత కొయ్యూరు దగ్గర అత్తవారి ఊళ్లోనే ఉండిపోయాడు. పంపుసెట్లు, సైకిళ్లు, మిక్సీలు, ఏవి పాడైనా ఆయన దగ్గరికే వస్తాయి. అవన్నీ బతకడానికి. ఆయన అసలు పని ఇంటి వెనక రేకుల పాకలో ఉంది. పదకొండేళ్లుగా ఉంది.

చింతపండులోంచి గింజ తీసే మిషను.

ఫాల్గుణం, చైత్రం ఈ వైపు చింతపండు కాలం. ఏ అరుగు చూసినా చింతకాయల కుప్ప, చుట్టూ ఆడవాళ్లు. పెంకు కొట్టడం తేలికే. ఈనె లాగడం కూడా. గింజ తీయడమే కష్టం. ఒక్కో కాయనీ బొటనవేలితో చీల్చి, గింజని నెట్టి తీయాలి. పగలంతా కూర్చుంటే పులుపుకి వేళ్లు పగులుతాయి. గింజ తీసిన పండుకి ధర ఎక్కువ, తియ్యనిదానికి తక్కువ. ఆ తేడా అంతా బొటనవేలి కూలే. మా అత్త కుడి బొటనవేలి గోరు ఏటా ఈ రెండు నెలలూ నల్లగా మారి, వానాకాలానికి గానీ మామూలుకి రాదు. అది చూసే మావయ్య మొదలుపెట్టాడు.

గ్రైండరు మోటారు, సైకిలు గొలుసు, ఇనుప గొట్టంతో చేసిన రెండు రోలర్లు, మధ్యలో రంపపు బ్లేడు. చెబితే బాగానే ఉంటుంది. బ్లేడు కాయని చీలుస్తుంది, రోలర్లు గుజ్జుని పిండుతూ గింజని అవతలికి నెడతాయి. నాలుగు కాయలదాకా నెట్టింది కూడా. ఐదో కాయకి గుజ్జు రోలరుకి చుట్టుకుంటుంది. పదో కాయకి మోటారు మూలుగుతుంది. పైగా చింతపండు పులుపు ఇనుముకి తగిలి పండు నల్లబడుతుంది. నల్లపండు ఎవరు కొంటారు? స్టీలు రోలర్లు చేయించడానికి డబ్బుల్లేవు. ఎవరో ఓ ఆఫీసుకి వెళ్లమంటే రెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి ఫారం ఇచ్చారు, రెండోసారి ఆ ఫారం మారిందన్నారు. పోయినేడాది మిషను మీద గోనె కప్పేశాడు.

"దానికి పెట్టిన డబ్బుల్తో రెండు గేదెలొచ్చేవి" అంది అత్త, నాకు ఇప్పపూల వేపుడు వడ్డిస్తూ. కోపంగా అనలేదు. లెక్క చెప్పింది, అంతే.

ఆ రాత్రి మంచం మీద పడుకుని మావయ్యకి మల్లేశం సంగతి చెప్పాను. ఆలేరు దగ్గర శారాజీపేట చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం. పోచంపల్లి చీర నేతకి ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ నూలుని అటూ ఇటూ తిప్పుతూ, ఒక్క చీరకి తొమ్మిది వేలసార్లు చెయ్యి ఆడించాలి. రోజుకి రెండు చీరలంటే 18 వేలసార్లు. వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మిషను మొదలుపెట్టాడు. ఊరు నవ్వింది, అప్పులయ్యాయి, హైదరాబాదు వెళ్లి కరెంటు పనులు చేసుకుంటూ జీతంలోంచి విడిభాగాలు కొనుక్కున్నాడు. బాలానగర్‌లో ఓ ఫ్యాక్టరీలో వైరింగు చేస్తుంటే అక్కడి మిషను కదలిక చూసి తనకి అడ్డం పడ్డ చిక్కు విడిపోయింది. అది 1999. మిషనుకి అమ్మ పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నూలు అంటుకోదు కదరా" అన్నాడు.

నిజమే. నా దగ్గర జవాబు లేదు. అందుకే మర్నాడు ఆయన్ని ఏటికొప్పాక తీసుకెళ్లాను. అంటుకునేదానితో బతికే ఊరది, చూస్తే సరదాగానైనా ఉంటుందని.

వరాహ నది ఒడ్డున, ఎస్.రాయవరం మండలంలో ఉంది ఏటికొప్పాక. విశాఖ నుంచి 64 కిలోమీటర్లు. మన ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు చాలామటుకు ఈ ఊరివే. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తిరుగుతున్న కొయ్యకి లక్క బద్ద ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో నొక్కి రుద్దితే అద్దంలా మెరుపు. బ్రష్షు లేదు, వార్నిష్ లేదు. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు చెక్కేవారట. ఇప్పుడు మోటార్లే.

మావయ్యకి నేను చూపించాలనుకున్నది మిషను కాదు, రంగు వెనకున్న కథ. ఓ దశలో ఈ బొమ్మలకి బజారు రసాయన రంగులు వచ్చిపడ్డాయి. చవక, తేలిక, కళ్లు జిగేల్మనే రంగు. కానీ పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మమీద సీసంలాంటి లోహాలు ఉండకూడదన్న పట్టింపు బయటి దేశాల్లో పెరిగింది. ఈ ఊరివాడైన సి.వి.రాజు పాత చెట్టు రంగుల వెంటపడ్డారు. పసుపు కొమ్ము, జాఫ్రా గింజ, నీలిమందు, బెరళ్లు, వేర్లు. చెప్పినంత సులువు కాదది. బెరడు ఉడికిస్తే రంగు నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు లక్కలో కలవవు. నీరంతా పోయి రంగు మాత్రమే మిగలాలి. మిగిలిన రంగు లక్క వేడికి మాడిపోకూడదు. ఎండకి వెలిసిపోకూడదు. ఒక్కో రంగుకీ ఒక్కో తంటా. ఏళ్లు పట్టింది. తాను నేర్చుకున్నది చేతివృత్తులవాళ్లకి నేర్పడం ఇంకో పని. పసుపు, నీలి కలిస్తే ఆకుపచ్చ వస్తుందని బడిపిల్లలకీ తెలుసు. ప్రతిసారీ ఒకే ఆకుపచ్చ రావాలంటే మాత్రం తెలియాల్సింది వేరే ఉంది.

ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020 ఆగస్టు 'మన్ కీ బాత్'లో ప్రధాని ఆయన పేరు చెప్పారు. 2023లో పద్మశ్రీ. 2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది ఈ బొమ్మలే, మూడో బహుమతి కూడా తెచ్చుకుంది. అయినా ఊళ్లో అడిగితే ముందు చెప్పేది కర్ర సంగతి. అంకుడు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. కొట్టినంత వేగంగా ఎవరూ నాటలేదు. విచిత్రమేమంటే ఆ చెట్టు ఆకులోంచి కూడా నీలిరంగు తీయొచ్చు. కొయ్యా అదే, రంగూ అదే.

నేనిదంతా చెబుతుంటే మావయ్య వినడంలేదు. లేత్ దగ్గర గొంతుక్కూర్చుని మొగలి ఆకునే చూస్తున్నాడు.

"బాబూ, లక్క ఆ ఆకుకి అంటుకోదేటి?"

బొమ్మ చేసే కుర్రాడు నవ్వాడు. "తిరుగుతున్నంతసేపూ అంటుకోదండి. ఆపితే పట్టుకుంటది."

మావయ్య జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఎన్ని తడవలు మడిచిందో, మడతల దగ్గర చిల్లులు పడ్డాయి. రోలరు బొమ్మ, కొలతలు. గోనె కప్పేసిన మిషను కాగితం ఇంకా జేబులో ఎందుకుందని నేను అడగలేదు.

ఇనుముకి బదులు కొయ్య రోలరు, పైన రంగు కలపని ఉట్టి లక్క. పులుపుకి నల్లబడదు, నీరు పీల్చదు. అదీ ఆయన లెక్క. కుర్రాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అంకుడు మెత్తన పెద్దాయనా. చింతగింజ తగిలితే సొట్టపడిపోద్ది. ఇలాంటిదానికి తుమ్మలాంటి గట్టి కొయ్య కావాలి" అన్నాడు.

"సొట్టపడనీ. ఎక్కడ పడతాదో తెలిస్తే గాడి అక్కడ తీస్తాను. ముందు కొలత తేలాలి. తర్వాత తుమ్మ సంగతి."

ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. గాడి అడ్డంగానా, ఏటవాలుగానా అని. నేను బయటికెళ్లి మా అమ్మాయికి లక్కపిడతల బుట్ట కొన్నాను. నది ఒడ్డున కాసేపు కూర్చున్నాను. వరాహలో పాయగా పారేంత నీళ్లున్నాయి. 1933 నాటి సహకార చక్కెర ఫ్యాక్టరీ ఊరు కూడా ఇదే. చెరకు బళ్ల వెనక పరుగెత్తి గడలు లాక్కున్న రోజులు గుర్తొచ్చాయి. ఎక్కడో కోయిల మొదలుపెట్టింది, ఆపడంలేదు. తిరిగొచ్చేసరికి రెండు రోలర్లు తయారు. లక్క వేసి, మొగలి ఆకుతో మెరుగుపెట్టి, తేనె రంగులో. కుర్రాడు కూలి తీసుకున్నాడు గానీ కర్రకి డబ్బులొద్దన్నాడు. పనిచేస్తే ఫోన్ చెయ్యమన్నాడు. చెయ్యకపోయినా చెయ్యమన్నాడు.

తిరుగు బస్సులో రోలర్లు పాత పేపర్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు మావయ్య. సంచిలో పెట్టమంటే వినలేదు. కృష్ణదేవిపేట దాటేసరికి చీకటిపడింది. కొండ మీద ఎక్కడో మంట గీతలా కనబడుతోంది. ఇప్పపూలు ఏరుకోడానికి చెట్ల కింద ఆకు కాల్చి శుభ్రం చేస్తారు. తెల్లారేసరికి పూలు రాలి ఉంటాయి.

ఇంటికెళ్లేసరికి అత్త అరుగుమీద బల్బు వెలుగులో ఇంకా చింతపండు తీస్తూనే ఉంది. రోలర్లు చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్ది చూసింది. "నున్నగా ఉన్నాయి" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

తెల్లవారుజామున మెలకువొచ్చింది. రేకుల పాకలో లైటు వెలుగుతోంది. గోనె నేలమీద ఉంది. పానా చప్పుడు, మధ్యమధ్యలో మావయ్య తిట్లు. ఇరుసు మందం సరిపోలేదట, ఆకురాయితో అరగదీస్తున్నాడు.

"చింతపండు ఇంకా మూడు వారాలుంటాదిరా" అన్నాడు నన్ను చూసి. "ఆ స్పానరు ఇలా అందుకో."