గోడ ఎక్కిన నీరు

మాది నాతవరం. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలో ఉన్నది. నేను చెప్పబోయే సంగతి జరిగిన 2012లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అప్పుడు నేను ఏడో తరగతి చదువుతున్నాను.

మా తాతయ్యకు నల్ల అట్ట పుస్తకం ఒకటి ఉండేది. ఏటా తాండవ జలాశయం నుంచి కాలువకు నీళ్లు ఏనాడు వదిలిందీ, ఊడ్పులు ఏనాడు మొదలైందీ, ఎన్ని బస్తాల ధాన్యం ఇంటికి వచ్చిందీ అందులో సిరాతో రాసుకునేవాడు. ఆ పుస్తకాన్ని కొయ్యపెట్టెలో పెట్టి, పెట్టెను నడవ గోడకు ఆనించి ఉంచేవాడు. గోడకు అవతలి పక్క వాషింగ్ మెషీను ఉండేది.

ఆ వానాకాలం రాత్రిళ్లు నాకు "టిక్, టిక్" అని చప్పుడు వినిపించేది. బల్లి కాబోలు అనుకొని ముసుగు పెట్టుకునేవాణ్ణి. కొన్నాళ్లకు నడవ గోడ చెమ్మగిల్లి, సున్నం పెచ్చులుగా రాలసాగింది. ఇంటికప్పు కారుతున్నదనుకొని నాన్న మేస్త్రీని పిలిచి, డాబా మీది పగుళ్లకు సిమెంటు పూయించాడు. డబ్బు ఖర్చయింది కాని, చెమ్మ తగ్గలేదు.

తాతయ్య గోడను తడిమి చూసి, "ఒరే నాయనా, పైనుంచి దిగే నీరైతే మరక పైన మొదలవాలి. ఇది కింద మొదలై పైకి పోతున్నదిరా," అన్నాడు.

నీరు పైకి ఎలా పోతుంది? దీపంలో వత్తి నూనెను పీల్చుకోవటం మీరు చూసే ఉంటారు. ఇటుకల్లో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో నీరు అలాగే ఎక్కుతుంది.

నాన్న ముందుగా మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి, మెషీను ముందుకు జరిపి, నేలను తుడిచి పొడి కాగితాలు పరిచాడు. కాసేపటికి ఒక కాగితం మీద తడి మచ్చ పడింది. సరిగ్గా దాని పైన, కుళాయికి గొట్టం బిగించిన చోట, రబ్బరు వాషరు అరిగిపోయి ఉన్నది. సెకనుకొక చుక్క కారుతున్నది. చుక్కే కదా అనుకుంటారేమో! 20 చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. రోజుకు 86,400 సెకన్లు. లెక్క కట్టి చూడండి, నాలుగు లీటర్లు దాటుతుంది.

మేము మరొక పొరపాటు కూడా చేశాం. మెషీను ఆపేవాళ్లమే కాని, కుళాయి కట్టేవాళ్లం కాము. డాబా మీది తొట్టిలో నీరు గొట్టానికి 5 మీటర్ల ఎత్తున ఉంటే, గొట్టం లోపల ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు అరకిలో బరువుతో నొక్కుతుంది. కుళాయి కట్టేదాకా ఆ ఒత్తిడి రాత్రింబవళ్లు ఉంటుంది.

కొత్త వాషరుకు అయిన ఖర్చు కొద్దిపాటిదే. కాని పెట్టె తెరిచి చూస్తే, తాతయ్య పుస్తకంలో కాగితాలు అంటుకుపోయి, సిరా అలికినట్టయిపోయింది. 30 ఏళ్ల రాత! ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. కాగితాలు ఒక్కొక్కటే విడదీసి నీడన ఆరబెట్టాడు. చప్పుడు విని కూడా ఊరుకున్న సంగతి చెప్పి నేను ఏడ్చాను. "ఈసారి వినబడితే లేచి చూడు," అన్నాడు తాతయ్య.

నాటినుంచి ఉతకటం కాగానే కుళాయి కట్టటం నా పని. ఆదివారంనాడు అతుకుల చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, గుడ్డ తడిసిందేమో చూస్తాను. గొట్టం ఉబ్బినా, పగిలినా వెంటనే మార్పిస్తాం. ఫ్రిజ్ వెనకా, నీళ్లు వడగట్టే యంత్రం కిందా కూడా చూస్తాను. పిల్లలూ, మీరూ చూడండి. కాని నేల తడిగా ఉంటే మాత్రం ప్లగ్గు ముట్టుకోకండి, పెద్దవాళ్లను పిలవండి.

తాతయ్య పుస్తకంలో చివర కొన్ని తెల్ల కాగితాలు మిగిలినవి. కాలువకు నీళ్లు వదిలిన తేదీలు ఇప్పుడు వాటి మీద నేను రాస్తున్నాను.