తొందరా, తొందరెయా?

మా ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. బెంగళూరులో మూడు తరాలుగా ఇదే మా వరస. చిన్నప్పుడు బళ్ళో మేష్టారు "అవసర బేడ" అంటే, లెక్క చెయ్యనవసరం లేదు కాబోలనుకుని పలక కింద పెట్టేశాను. ఆయన చెప్పింది తొందర వద్దని! క్లాసంతా నవ్వింది. మన తొందర వాళ్ళకు అవసర. వాళ్ళ తొందరె మనకు ఇబ్బంది. తెలియని మాటైతే అడిగి తెలుసుకుంటాం. తెలిసినట్టుండే మాటే ముంచుతుంది.

ఇంజనీరింగు పాఠాలు చెప్పుకుంటూ ఆ సంగతి మరిచిపోయాను. ఒక ఏడాది మా కుర్రాళ్ళు ముగ్గురికీ, చిత్రకళ చదివే ఒక హొసూరు తెలుగమ్మాయికీ కలిపి ఒక పని అప్పగించాం. చేతులు వణికే పెద్దవాళ్ళు సులువుగా నీళ్ళు వంచుకునే పాత్ర చెయ్యాలి. నమూనా చూసి ఆ అమ్మాయి నాతో "బరువుగా ఉంది సార్" అంది. నేను కుర్రాళ్ళతో "వెయిట్ తగ్గించండి" అన్నాను. వాళ్ళు వారం కష్టపడి రేకు మందం తగ్గించి, తూచి చూపించారు. ఆమె "ఇంకా బరువే" అంది. అందరం నవ్వాం. "ఆకారం వాళ్ళు చూసుకుంటారు, నువ్వు చివర్లో రంగు సంగతి చూడమ్మా" అన్నాను. మర్నాడు ఆమె రాలేదు.

ఆ రాత్రి నాకు పలక గుర్తొచ్చింది.

1958లో ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి రాసిన నివేదికలో మన చెంబును ఎంతో మెచ్చుకున్నారు. పట్టే చెయ్యి, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీ అయ్యాకా దాని తూకం, నీళ్ళు పడే తీరు, తాకితే ఎలా ఉంటుంది, ఖరీదెంత - అన్నీ ఒకే వరసలో పెట్టారు. ఇది కళ, ఇది శాస్త్రం అని గీత గియ్యలేదు.

అమ్మ ఇత్తడి చెంబు పట్టుకెళ్ళి, ఆ అమ్మాయిని పిలిపించి, "తప్పు నాదమ్మా. బరువంటే ఏమిటో చూపించు" అన్నాను.

ఆమె నమూనా భుజం మీద వేలు పెట్టింది. "చూపుకు ఇక్కడ బరువు సార్. ఒరిగిపోతుందేమోనని భయంతో గట్టిగా పట్టుకుంటారు. దాంతో చెయ్యి ఇంకా వణుకుతుంది."

మావాడొకడు చెంబులో నీళ్ళు పోసి, వంచి చూశాడు. "సెంటర్ ఆఫ్ గ్రావిటీ కిందికి దించాలి, అంతేగా?" అంటూ పొట్ట కిందుగా గీశాడు.

"అదే నేనన్నది" అందామె.

మేం చేసిన పాత్ర మూత దగ్గర కొంచెం కారింది. అయినా మా అమ్మ దాంతోనే మందు వేసుకునేది. రెండు భాషల మధ్య పెరిగినవాణ్ణి, ఆ ఒక్క మాట ముందే అడగవలసింది నేనే.