కానుగ రొట్ట

మృగశిర కార్తెలో నాలుగు వానలు పడి చెరువులోకి నీళ్లు చేరాయంటే మా ఊళ్లో నాగళ్లకంటే ముందు కొడవళ్లు బయటికొచ్చేవి. 1970ల నాటి సంగతి. పెద్దపల్లి దగ్గర, మానేరుకు కొంచెం ఎడంగా ఉంటుంది మా ఊరు. నారుమడిలో నారు ఎదిగేలోపు కరిగెట్లోకి, అంటే నాటుకు దమ్ము చేసే మడిలోకి, ఎరువుగా పచ్చిరొట్ట చేరిపోవాలి. మగవాళ్లు చెరువుకట్ట మీది కానుగచెట్లెక్కి కొమ్మలు నరికితే, ఆడవాళ్లు మోపులు కట్టి బండికెత్తేవాళ్లు. పిల్లలం జిల్లేడు మండలు కోసేవాళ్లం. "పాలు కండ్లల్ల వడ్తయ్ బిడ్డా, మొకం మీదికి చెయ్యి వోనియ్యకు" అని తాత వెనకనుంచి కేకేస్తూనే ఉండేవాడు.

చెట్టును బోడి చేసేవారు కాదు. తలకొమ్మ వదిలేసేవారు, ఈ ఏడు నరికిన చెట్టు జోలికి వచ్చే ఏడు పోయేవారు కాదు. కట్ట మీది కానుగలు ఎవరి సొంతమూ కావు. అయినా మొదలుకంటా కొడితే ఊరంతా నిలదీసేది.

రొట్టను నీళ్లు పెట్టిన మడిలో పరిచి అందరం వరసగా నిలబడి తొక్కేవాళ్లం. మోకాలిదాకా బురద. రెండుమూడు రోజులకు నీళ్లు నల్లబడి బుడగలొచ్చేవి, వాసన ఊరి దాకా కొట్టేది. అప్పుడు నాటెయ్యకూడదు. తాత రోజూ మడిలోకి దిగి, అడుగున చెయ్యిపెట్టి గుప్పెడు ఆకు తీసి పిసికి చూసేవాడు. పీచు తగిలితే ఇంకా ఆగమనేవాడు. జిల్లేడు మెత్తటిది కాబట్టి తొందరగా మురుగుతుంది, కానుగ ఈనెలకు ఎక్కువ రోజులు కావాలి. ఆకు సగం మురిగినప్పుడు నాటితే ఆ కుళ్లబెట్టే సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని ముందు వాడేసుకుంటాయి, నాటు పసుపుబారిపోతుంది. ఈ కారణం నేను కాలేజీలో చదువుకున్నాను. తాత దాన్ని వేళ్లతో చదివాడు.

యాసంగికి వేరే రొట్ట. అప్పటికి చెలకల్లో, బాటల పక్కన వెంపలి గుబురుగా పెరిగి ఉండేది. తంగేడు కూడా కోసేవాళ్లం గానీ, బతుకమ్మ పండుగ వెళ్లేదాకా తంగేడు మీద కత్తి పెట్టనిచ్చేది కాదు మా నాయనమ్మ. కానుగ, వెంపలి రెండూ పప్పుజాతివే. వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. విత్తనం వేసి పెంచే జనుము, జీలుగ కూడా ఆ కుటుంబానివే. ఎవరూ నీళ్లు పోయని బంజరులో పెరిగిన ఆకు మా మడికి అన్నం పెట్టేది.

నాయనమ్మ సామ్రాజ్యం ఇంటెనుక జాగ. అక్కడ పసుల కొట్టం పక్కన అంచు విరిగిన గోలెం ఒకటుండేది. అందులో జిల్లేడాకు, వావిలాకు, వెంపలి తెచ్చి తుంచివేసి, పెండ కలిపి, నీళ్లుపోసి, పాత గోనె కప్పేది. పొద్దునా మాపునా కట్టెతో కలిపేది. నురగ తగ్గాక వడగట్టి, ఒక చెంబుకు పది చెంబుల నీళ్లు కలిపి చిక్కుడు పాదుకు, బీరపాదుకు, వంగమొక్కలకు మొదట్లో పోసేది. ఆకుల మీద పడనిచ్చేది కాదు. పిప్పిని పారెయ్యకుండా ఆనిగెపు పాదు గుంతలో వేసి మట్టి కప్పేది.

పురుగుకు చేసే నీళ్లు వేరు. వాటికి చిన్న కుండ, దానికి వేరే కట్టె. వేపాకు, సీతాఫలం ఆకు, ఉమ్మెత్తాకు దంచి ఆవు పంచితంలో నానబెట్టి, పలచన చేసి, వేపమండతో చిలకరించేది. ఉమ్మెత్త విషం గనక ఆ కుండ పిల్లలకందని చోట ఉండేది. చిక్కుడు తీగకు పేనుబంక పడితే మాత్రం ఏ కషాయమూ లేదు, పొద్దున్నే మంచు తడి ఆరకముందు పొయ్యి బూడిద చల్లేది. వావిలాకులో ఇంకో భాగం గాదెకు పోయేది, వడ్లకు పురుగు పట్టకుండా. ఇవాళ పది రకాల ఆకులతో చేసే దశపర్ణి కషాయం గురించి వింటుంటే నాకు ఆ చిన్నకుండే కళ్లముందు మెదులుతుంది.

1980లో రామగుండంలో యూరియా తయారీ మొదలైంది. బండెడు రొట్ట కొట్టి, మోసి, తొక్కి, రోజులు లెక్కబెట్టే పనిని ఒక్క సంచి తీర్చేసింది. అంత చాకిరీ తగ్గినందుకు ఎవరినీ తప్పుపట్టలేను, మా అమ్మ నడుము ఆ మోపుల కిందే వంగింది. కానీ రొట్టతో మట్టిలోకి చేరే సారం సంచితో చేరలేదు. మెత్తగా చెమ్మ పట్టి ఉండే మా మడులు గట్టిపడటం నేను కళ్లారా చూశాను. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు, నత్రజని నేలలోంచి త్వరగా వృథా కాకుండా. నాయనమ్మ నమ్మిన చెట్టును సంచిలో కూడా కలుపుకోక తప్పలేదన్నమాట.

మొన్న ఊరికి వెళితే పొలాల ఒడ్లన్నీ ఎండి ఎర్రగా ఉన్నాయి. కలుపుమందు కొట్టారట. జిల్లేడు, వెంపలి అన్నీ మాడిపోయాయి. చెరువుకట్ట మీద కానుగలు కొన్నే మిగిలాయి. రైతులకు నా మనవి ఒక్కటే. ఈ వానాకాలం ఒడ్డు మీది మొక్కకు మందు కొట్టకండి. కొడవలితో కోసి మడిలో వెయ్యండి, మురిగాకే నాటండి. కట్ట మీద ఖాళీ ఉన్నచోట నాలుగు కానుగ గింజలు నాటండి.