అమ్మ వేలికి తాళం

మా ఊళ్లో చదువు రానివాళ్లని ఏలిముద్రగాళ్లు అనేవాళ్లు. ఆ మాట పడకూడదనే అమ్మ 1990లలో రాత్రిబడికి పోయి, పలక మీద దిద్ది దిద్ది తన పేరొక్కటీ రాయడం నేర్చుకుంది. ఆ నాలుగక్షరాలు రాసేటప్పుడు ఇప్పటికీ ఊపిరి బిగబడుతుంది.

సంతకం వచ్చింది గానీ వేలిముద్ర తప్పలేదు. పొలం రిజిస్ట్రేషన్‌కి వేలు, రేషన్‌కి వేలు, సిమ్ కార్డుకి వేలు. నిరుడు ఆ ముద్రతోనే ఎవరో ఆమె ఖాతాలోంచి రెండుసార్లు 10 వేల చొప్పున తీసేశారు. వడ్లమ్మిన డబ్బు. కార్డూ ఓటీపీ ఏమీ అక్కర్లేదు. ఆధార్‌తో డబ్బు తీసే ఈ పద్ధతిలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. బ్యాంకు దూరమైన పల్లెల కోసం పెట్టిన ఏర్పాటే అది.

"నా ఏలు నా తాననే ఉన్నది గదా బిడ్డా. మరెట్ల దీసిండ్రు?" అంది అమ్మ.

ముద్ర ఎత్తుకుపోవడానికి మనిషితో పనిలేదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు.

బ్యాంకులో ఒకటే మాట: "వేలు మ్యాచయింది. అమ్మగారే తీసుంటారు." తన వేలు తనది కాదని అమ్మ ఎట్లా రుజువు చేస్తుంది? అదే రోజు 1930కి ఫోన్ చేశాం. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్ ప్రింటు తీశాను. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారు పైసా నష్టపోనక్కర్లేదు. ఖాతాదారుదే బాధ్యత అంటే, ఆ సంగతి రుజువు చేయాల్సింది బ్యాంకే. ఆ కాగితం జతచేసి ఫిర్యాదు ఇస్తుంటే, క్లర్కు అలవాటుగా ఇంకు ప్యాడ్ అమ్మ ముందుకు జరిపాడు.

"నాకు సంతకమొస్తది," అంది అమ్మ.

రెండున్నర నెలలకు డబ్బు తిరిగొచ్చింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, కార్డు పోతే కొత్తది తెచ్చుకుంటాం. బొటనవేలిని ఏం చేస్తాం? ఆధార్ బయోమెట్రిక్స్‌ని లాక్ చేయడం ఒక్కటే కనిపించింది. ఆమె ఆధార్‌కి ఉన్నది నా నంబరు కాబట్టి తాళంచెవి హైదరాబాద్‌లో నా దగ్గర ఉంది. ప్రతినెలా రేషన్ షాపు లైన్లోంచి ఫోన్ చేస్తుంది. నేను తాళం తీస్తే 10 నిమిషాలు తెరుచుకుని ఉంటుంది, మళ్లీ దానంతటదే పడిపోతుంది. నేను మీటింగులో ఉండి ఫోన్ ఎత్తకపోతే, లైన్లోంచి పక్కకు జరిగి ఓ మూల నిలబడుతుంది. ఎవరినీ ఏదీ అడక్కుండా బతికిన మనిషి.

మొన్న అడిగాను, ఇప్పుడు ధైర్యంగానే ఉందా అని.

"పైసలైతే నాయి నాకొచ్చినయి బిడ్డా. ఏలే ఇంకా నీ ఫోన్లున్నది."